రెండు లాంతర్ల మనిషి

మా ఇంట్లో తాళం వేసి ఉంచే అలమారా ఒక్కటే. కొత్తగా వచ్చినవాళ్లు అందులో బంగారం ఉందనుకుంటారు. మెడలో ఉన్నది తప్ప నాకు వేరే బంగారం లేదు. ఆ అలమారాలో ఉన్నవి వీడియో గేమ్ క్యాసెట్లు. పసుపుపచ్చవి, ఎర్రవి, బూడిద రంగువి. లావుపాటి టీవీలున్న రోజుల్లో టీవీ కింద ఒక చిన్న పెట్టె పెట్టి, దాని నెత్తిన క్యాసెట్ గుచ్చి ఆడేవాళ్లు గుర్తుందా, అవే. వాటి పక్కన జాయ్‌స్టిక్కులు, తెర మీద పిట్టలను కాల్చే ప్లాస్టిక్ తుపాకి, ఎప్పుడో మూతబడిన ఒక పార్లర్ రేకు బోర్డు, ఆ పార్లర్‌లో ఇచ్చిన ఇత్తడి టోకెన్లు. ప్రతి వస్తువు కింద చిన్న చీటీ ఉంటుంది. ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది, పనిచేస్తుందా లేదా. సుమారుగా అని రాయడం నాకు చేతకాదు.

నాకు డెబ్బై ఒకటి నిండాయి. మోకాళ్లు నొప్పి, ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. బొటనవేళ్లు మాత్రం ఇప్పటికీ బాగా పనిచేస్తాయి. అలమారాలో ఉన్న ఆటలన్నీ నేను ఆడినవే. ఒక క్యాసెట్ మీద 9999 ఆటలని పెద్ద అక్షరాలతో అచ్చేసి ఉంటుంది. అది చూసి మురిసిపోయి కొనుక్కున్నవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. నేను మాత్రం ఆ పట్టిక చివరిదాకా వెళ్లి చూశాను. మూడు ఆదివారాలు పట్టింది. నిజంగా ఉన్న ఆటలు ఏడు. ఆ ఏడింటికే రంగు మార్చి, వేగం మార్చి, పేరు మార్చి తిప్పి తిప్పి చూపించారు. చీటీ మీద "ఏడు" అని రాశాను.

ఇంత అలమారాలో ఒక్క అర మాత్రం చాలా ఏళ్లు ఖాళీగా ఉండేది. అది లాంతరోడి కోసం.

మాది పోచంపల్లి పక్క ఊరు. నాన్న, ఆయన తర్వాత అన్న, ఇద్దరూ మగ్గం మీద బతికినవాళ్లే. మా దగ్గర నేసే చిటికి బట్టలో బొమ్మను నేశాక అద్దరు. నేయకముందే నూలును చట్రం మీద సాగదీసి, అక్కడక్కడ రబ్బరు ముక్కలు బిగించి కట్టి, రంగులో ముంచి తీస్తారు. కట్టినచోట రంగు అంటదు. ఎక్కడ కట్టాలో తెలియాలంటే ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. ఈ గడి నింపు, ఆ గడి వదిలెయ్యి. చిలకైనా ఏనుగైనా గళ్లలోనే పుట్టాలి. మా ఇంట్లో ఆ గళ్లు నింపే పని నాది. బడికి పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, లెక్క తప్పనని నాన్న నాకు అప్పగించాడు.

పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక ఒక చేనేత బట్టల దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. కొన్నేళ్లకు దుకాణం పైగదిలో వీడియో గేమ్ పార్లర్ పెట్టారు. నాలుగు టీవీలు, నాలుగు బల్లలు, గంటకింత అని కిరాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా పైనుంచి ఒకటే కేకలు, దూకుళ్లు. ఒకరోజు మధ్యాహ్నం మూడోసారి కూడిక తప్పింది. కలం మూత పెట్టి, గొడవ పడదామని మెట్లెక్కాను.

పైన చీకటిగా ఉంది. తెర మీద ఒక పిట్ట ఎగురుతోంది. దాని రెక్క అంచు మెట్లు మెట్లుగా ఉంది. ముక్కు రెండు గళ్లు. కన్ను ఒక్క గడి. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. మేము నూలు కట్టి, ఉడకబెట్టి, ఆరేసి, నేసి చూపించే బొమ్మే అది! అవే గళ్లు, అదే లెక్క. కాకపోతే ఇది ఎగురుతోంది! మా నాన్న చూస్తే ఏమనేవాడో అనుకున్నాను.

"ఏంది ఆంటీ, చప్పుడెక్కువైతున్నదా?" అని పార్లర్ యజమాని లేచి వచ్చాడు.

"గంటకు కిరాయి ఎంత?" అన్నాను.

"మీకా?"

"ఏం, నీ టీవీ చీర కట్టుకున్నోళ్ల దిక్కు చూడదా?"

గదిలో ఉన్న పిల్లలందరూ నవ్వారు. అతను ఒక బల్ల తుడిచి నాకు చూపించాడు. ఆనాటి నుంచి అన్నం డబ్బా తొందరగా ముగించి పైకి వెళ్లడం అలవాటైంది. ఈ యంత్రం పాయింట్ల కూడికలో తప్పు చేస్తుందేమోనని మొదటి వారమంతా మనసులో కూడుకుంటూ ఆడాను. ఒక్కసారి కూడా తప్పలేదు. అప్పటి నుంచి దాని మీద నాకు గౌరవం.

అక్కడి ఆటల్లో నాకు ప్రాణమైనది బావి ఆట. లాంతరు పట్టుకుని ఒక పొట్టివాడు మెట్లబావిలోకి దిగుతాడు. నిచ్చెనలు దిగాలి, తాళంచెవులు ఏరుకోవాలి, గబ్బిలాలను తప్పించుకోవాలి. నూనె అయిపోయినకొద్దీ లాంతరు మసకబారి తెర చీకటవుతుంది. పూర్తిగా చీకటయ్యేలోపు అడుగుకు చేరితే ఇంకో బావి వస్తుంది. ఆట పేరేమిటో ఎవరికీ తెలియదు. క్యాసెట్ మీద కాగితం చినిగిపోయింది, తెర మీద వచ్చేవి మనకు రాని అక్షరాలు. అందరం "లాంతరోడు" అనేవాళ్లం. నేను ఏడో బావిదాకా వెళ్లాను. దాని అడుగు చూడలేదు.

ఆ లాంతరోడిని చీర అంచులో పెడితే ఎట్లా ఉంటుందోనని ఆశపుట్టి, గళ్ల కాగితం మీద గీసి అన్నకు ఇచ్చాను. అన్న ఒక మూరెడు నమూనా నేసి పంపాడు. ముదురు నీలం మీద తెల్లటి మనిషి, రెండు చేతుల్లో రెండు ఎర్ర లాంతర్లు. ఎంత ముద్దుగా ఉన్నాడో! మా దుకాణం సేటు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెండ్లికి పోయే ఆడోళ్లు గీ వాచ్‌మన్‌ను కట్టుకుంటరా అమ్మా?" అని నా చేతిలో పెట్టేశాడు. నమూనా ఇంటికి చేరింది. పార్లర్ మూతబడింది. క్యాసెట్లు ఎటు పోయాయో తెలియదు. నేను మాత్రం వెతకడం మొదలుపెట్టాను. పాత సామాను అంగళ్లు, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే వైర్ల కుప్పలు, ఖాళీ చేసే ఇళ్లు. ఎక్కడికి వెళ్లినా ఒకటే అడిగేదాన్ని: రెండు చేతుల్లో రెండు లాంతర్లు పట్టుకున్న మనిషి ఆట ఉందా? నా సంగతి తెలిసిన అంగడివాళ్లు దూరం నుంచే చేతులు రెండూ పైకెత్తి ఊపేవాళ్లు, లేడని.

ఇక ఈ ఏడు, ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం జరిగింది చెబుతాను. ఇప్పటికీ తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేను.

దిల్‌సుఖ్‌నగర్‌లో, మా ఇంటికి రెండు గల్లీల అవతల, పాత టీవీలు బాగుచేసే అతనికి ఎవరో ఒక అట్టపెట్టె అమ్మి వెళ్లారు. అతను నాకు ఫోన్ చేశాడు. వెళ్లేసరికి అంగట్లో ఇంకొకాయన ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, భుజాన సంచి, చేతులకు పల్చటి తొడుగులు. విజయవాడ నుంచి ఇలాంటివి కొనడానికే వచ్చాడట. ఒక్కో క్యాసెట్‌ను అంచులతో పట్టుకుని వెలుతురులో చూస్తున్నాడు. మనిషి పద్ధతి నాకు నచ్చింది.

"అమ్మా, జర ఇది చూడు. దీపమోడున్నడు," అని అంగడతను ఒక ఎర్ర క్యాసెట్ నా చేతికిచ్చాడు.

దాని మీద కాగితం చెక్కుచెదరలేదు. బొమ్మ చూశాను. పొట్టి మనిషి, ఒక చేతిలో లాంతరు. రెండో చేయి నడుం మీద ఉంది.

"వీడు కాదు," అన్నాను.

"గదేంది, లాంతరుంది గదా!"

"ఒకటే ఉంది. నావాడికి రెండు."

"ఒకటి ఇంట్ల మర్చిపోయి వచ్చిండేమోలే అమ్మా."

"ఒకసారి పెట్టి చూపించు, పోనీ."

"ఏం పెట్టాలె? చూడు, ఉన్న టీవీలన్నీ పొట్టలిప్పుకుని కూసున్నయ్."

విజయవాడ ఆయన మర్యాదగా ముందుకొచ్చాడు. "మీరు వద్దనుకుంటే నేను తీసుకుంటానండి. కాగితం ఇంత శుభ్రంగా ఉన్నది అరుదు."

"నిరభ్యంతరంగా తీసుకోండి," అన్నాను. పైగా, పిన్నులకు తడి తగలనివ్వకండి అని సలహా కూడా ఇచ్చాను. ఆయన మూడున్నరకు ఎల్‌బీ నగర్‌లో బస్సు ఎక్కాలని, అంతవరకు అక్కడే తిని కూర్చుంటానని చెప్పి వెళ్లిపోయాడు. నేను ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను.

భోజనాలయ్యాక మా ఆయన ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. ఉద్యోగం మానేసినప్పటి నుంచి ఆ పని ఆయనది. ఆ రోజు నా ఆట పెట్టె మీద దుమ్ము పడకుండా కప్పే నమూనా గుడ్డను కూడా ఉతికి ఆరేశాను. దాన్ని ఆయన రెండు కొసలు కలిపి సరిగ్గా మధ్యకు మడిచి నా ముందు పెట్టాడు.

"ఇగో, నీ వాచ్‌మన్."

చూశాను. మడత సరిగ్గా మనిషి నడినెత్తి మీద నుంచి దిగింది. సగం ముఖం, ఒక చేయి, ఒక లాంతరు.

ఒక లాంతరు!

నేను గీసింది ఇంతే. నా వేళ్లకు ముందు గుర్తొచ్చింది, ఆ తర్వాతే బుర్రకు. గళ్ల కాగితం మీద నేను సగం మనిషినే గీశాను. ఎప్పుడూ సగమే గీస్తాం. అడ్డంగా నేసే పేక నూలును మడతపెట్టి కడతారు కాబట్టి ఒక పక్క కట్టింది రెండో పక్కకు దానంతటదే వస్తుంది. చిలక గీస్తే ఎదురెదురుగా రెండు చిలకలు వస్తాయి. లాంతరు పట్టుకున్న సగం మనిషిని గీస్తే రెండు లాంతర్ల మనిషి వస్తాడు. తెర మీద వాడికి ఎప్పుడూ ఒకటే లాంతరు. రెండోది మా మగ్గం ఇచ్చింది. ఇన్నేళ్లూ రోజూ కళ్లముందున్న గుడ్డను చూసి చూసి, తెర మీద చూసినవాణ్ణే మరిచిపోయాను. వాడు నా చేతిలోకి వచ్చి కూర్చుంటే కాదని పంపేశాను!

"ఏమైందే? పాము చూసినట్టు లేచినవ్?"

"వాడే! పొద్దుగాల వచ్చినోడు వాడే!"

"ఎవడు?"

అంగడతనికి ఫోన్ చేశాను. "గాయన నంబర్ నేనేడ తీసుకున్న అమ్మా? ఎల్‌బీ నగర్‌ల బస్సెక్కుతడు, మీ ముంగటనే చెప్పిండు గదా," అన్నాడు. గడియారం చూశాను. మూడవడానికి ఇంకా కొంచెం ఉంది. ఆట పెట్టె, దాని అడాప్టర్, వైర్లు, ఒక జాయ్‌స్టిక్, పెన్సిల్ రబ్బరు, అన్నీ సంచిలో పెట్టి, విరగకుండా ఆ గుడ్డలోనే చుట్టాను.

"పెట్టె ఎందుకే?" అన్నాడు మా ఆయన.

"చూడకుండ రెండోసారి మోసపోను."

"మోకాళ్లు నొప్పులన్నవ్ పొద్దున."

"పొద్దున వేరు."

మెట్రోలో ఎక్కాక కూర్చోమని ఒకమ్మాయి లేచింది. కూర్చోలేకపోయాను. చైతన్యపురి దాటి, విక్టోరియా మెమోరియల్ దాటి, ఎల్‌బీ నగర్ వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన దొరక్కపోతే ఆ క్యాసెట్ ఎప్పటికీ ఏదో అద్దాల బీరువాలో ఉండిపోతుంది. ఇంకో ఎర్ర క్యాసెట్ కోసం ఇన్నేళ్లు మళ్లీ వెతకడానికి నా దగ్గర అన్నేళ్లు లేవు. నేను లెక్కల మనిషిని, ఆ తీసివేత నాకు తెలుసు.

రోడ్డు పక్కన ట్రావెల్స్ ఆఫీసులు వరసగా ఉన్నాయి. మూడో దాంట్లో, గోడ టీవీ కింద బెంచీ మీద ఆయన కనిపించాడు. ఒళ్లో సంచి, సంచి మీద రెండు చేతులు. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఆ ఎర్రది నాదే," అన్నాను.

"పొద్దున కాదన్నారు కదండీ."

"అన్న. తప్పన్న."

గుడ్డ విప్పి ఆయన ఒళ్లో పరిచాను. సగానికి మడిచి చూపించాను. మడత ఎట్లా వేస్తారో, సగమే ఎందుకు గీస్తారో చెప్పాను. తొందరలో సగం చెప్పి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీ బాధ అర్థమైందండి. కానీ కొన్న వస్తువు నేను అమ్మను. అది నా నియమం."

"ఆడతారా?"

"ఆడనండి. ఆడితే పిన్నులు అరిగిపోతాయి. అద్దంలో పెడతాను."

"కనీసం వాడో కాదో చూడనియ్యండి. పెట్టె తెచ్చుకున్న."

ఆయన నా సంచి వంక చూసి నవ్వాడు. "ఇక్కడా?"

"గా టీవీ ఉంది గదా."

టికెట్లు రాసే యువకుడు తలెత్తాడు. "అమ్మా, గది వార్తల కోసం పెట్టినం."

"పొద్దటి నుంచి అవే వార్తలు తిప్పి తిప్పి చెప్తున్నరు. నీకు ఇసుగు పుడ్తలేదా?"

"పుడ్తున్నది గని... మా సేటు చూస్తే నన్ను ఎల్లగొడ్తడు."

"మీ సేటుకు నేను చెప్త. నీ ఫోన్ ఛార్జింగ్ తీసి గా ప్లగ్ ఇయ్యి, బిడ్డా."

అతను గొణుగుతూనే తీశాడు. టీవీ పాతది. వెనక పసుపు, తెలుపు బొక్కలున్నాయి. వైర్లు గుచ్చాను. విజయవాడ ఆయన సంచి జిప్పు తీసి, ఎర్ర క్యాసెట్‌ను పసిపిల్లను అందించినట్టు అందించాడు. పెట్టాను. నొక్కాను. తెరంతా బూడిద రంగు.

"ఊదండి, ఊదండి," అంది పక్క బెంచీ మీద అట్టపెట్టెలతో కూర్చున్న ఒకావిడ. "మా వాడు ఊదేవాడు. ఊదితే వస్తుందండి."

"ఊదొద్దు!" అని నేను, విజయవాడ ఆయన ఒకేసారి అరిచాం. నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి. అందరూ చేసే తప్పు అది. నేను పెన్సిల్ రబ్బరుతో పిన్నుల వరసను మెల్లగా, ఒకే దిక్కుకు రుద్దాను. నల్లటి మసి వచ్చింది. మళ్లీ పెట్టాను. నొక్కాను.

పాట వచ్చింది.

ఆ నాలుగు స్వరాలు! పైగది, ఫ్యాను చప్పుడు, అన్నం డబ్బా వాసన అన్నీ ఒక్కసారిగా ఎదురొచ్చాయి. తెర నల్లబడి, బావి మెట్లు వచ్చాయి. మెట్ల మీద పొట్టివాడు. ఒక చేతిలో లాంతరు.

"వాడే!" అని ఎంత గట్టిగా అన్నానంటే బయట చెరకురసం బండి దగ్గర ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూశారు.

నా వేళ్లు మరిచిపోలేదు. మొదటి నిచ్చెన దిగాను. తాళంచెవి తీసుకున్నాను. గబ్బిలం వస్తే వంగాను. బెంచీలన్నీ నా వెనక్కి చేరాయి. అట్టపెట్టెలావిడ, "ఏవండీ, ఆ పక్క నిచ్చెన ఎక్కండి, అక్కడేదో మెరుస్తోంది," అని దారి చెబుతోంది. టికెట్ల యువకుడు బల్ల వదిలేసి వచ్చి, "అమ్మా, ఎనక్కి, ఎనక్కి, నూనె అయిపోతున్నది!" అంటున్నాడు. నూనె డబ్బా ఎడమ పక్కన ఉంది. వాణ్ణి ఎడమకు తిప్పాను.

అప్పుడు చూశాను. వాణ్ణి అక్కడికక్కడ ఆపేశాను.

"చూసిండ్రా? ఇటు తిరగంగనే లాంతరు ఈ చేతిలకు వచ్చింది!" కుడికి తిప్పాను. లాంతరు అటు చేతిలోకి వెళ్లింది. ఎడమకు తిప్పాను. ఇటు వచ్చింది.

"అవునండి," అన్నాడు విజయవాడ ఆయన. "ఆ రోజుల్లో మెమరీ చాలా తక్కువ. అందుకని ఒక వైపు బొమ్మే దాచేవారు. రెండో వైపు కావాలంటే దాన్నే తిప్పి చూపించేవారు."

"అంటే మడతపెట్టిండ్రన్నమాట."

ఆయన నా వంక, తెర వంక, ఒళ్లో గుడ్డ వంక చూశాడు. "అంతేనండి. మడతే."

ఆ ఆట తయారుచేసినవాళ్లు ఎవరో, ఏ దేశమో. వాళ్లూ సగమే గీశారు, మేమూ సగమే గీశాం. వాళ్లు ఒక్కో వైపు విడివిడిగా చూపించారు. మేము రెండు వైపులూ ఒకేసారి పరిచేశాం. నాకు నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఆపరేషన్ అయిన కంట్లో ముందు.

ఆ నవ్వు మధ్యలోనే మూడో నిచ్చెన దగ్గర లాంతరు ఆరిపోయింది. "అయ్యో!" అన్నారు అందరూ.

విజయవాడ ఆయన గుడ్డను వెనక్కి తిప్పి చూస్తున్నాడు. "ఇది అచ్చేసింది కాదా?"

"నేసింది. రెండు దిక్కులా ఒకటే తీరుగుంటది."

"ఇంకోటి ఉందా?"

"లేదు. నమూనా ఒక్కటే నేసిండు మా అన్న."

ఆయన చేతి తొడుగు తీసేసి, గుడ్డను వట్టి వేళ్లతో తాకాడు. "ఈ ఆటకు సంబంధించి ఇలాంటి వస్తువు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండదండి. నేను అమ్మను అన్నాను. మార్చుకోను అనలేదు. ఇది ఇచ్చి, అది తీసుకెళ్లండి."

ఇన్నేళ్లు నా దగ్గర గుడ్డ ఉంది, ఆట లేదు. ఇప్పుడు ఆట ఉంటే గుడ్డ ఉండదు. బయట క్లీనర్ "విజయవాడ, విజయవాడ! ఎక్కాలె, ఎక్కాలె!" అని బస్సు ఒళ్లు చరుస్తున్నాడు. నేను అన్నకు ఫోన్ చేశాను. మా అన్నకు డెబ్బై ఆరు, ఇప్పటికీ చిటికి కడతాడు.

"ఏంది చెల్లె, ఎండల పూట?"

ఉన్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. అన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"సగం గీసిచ్చినవ్, సగమే కట్టిన. మిగిలిన సగం మడత కట్టింది. నన్నడిగితే గప్పుడే చెప్తుంటి గద! ఊరూరు తిరిగి రెండు లాంతర్లోణ్ణి దేవులాడినవా?"

"నవ్వుడు ఆపన్నా. బస్సు పోతున్నది. ఇయ్యాల్నా, ఒద్దా?"

"ఇచ్చెయ్యి. గాయన అద్దంల పెడ్తడు. నువ్వయితే దుమ్ము తుడుస్తున్నవ్ దానితోని."

"తుడుస్తలేను! కప్పుతున్న!"

"ఏదో ఒకటి. గని ఇను. ఈసారి పూర్తి మనిషిని గీసి పంపు. మడతెయ్యకుండ కడ్త. పని రెండింతలైతది, అయితే అయింది."

ఫోన్ పెట్టేసి గుడ్డను నేనే మడిచాను. మధ్యకు కాదు, నాలుగు పొరలుగా, లాంతర్ల మీద గీత పడకుండా. ఆయన చేతిలో పెట్టాను. "ఎండ తగలనియ్యకండి. సబ్బు వద్దు, కుంకుడు రసమే. ఎవరన్న అడిగితే ఒక లాంతరు మగ్గం ఇచ్చిందని చెప్పాలె."

"చెబుతానండి. రాసి పెడతాను."

ఆయన బస్సు ఎక్కాడు. అట్టపెట్టెలావిడ మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, "ఏవండీ, ఆ నూనె డబ్బా ముందే తీసుకోండి ఈసారి!" అని అరిచింది. టికెట్ల యువకుడు వార్తలు మళ్లీ పెట్టబోయి, నా వంక చూశాడు. "అమ్మా, ఒక్కపారి నేను ఆడన్నా?" అన్నాడు. వాడికి ఒక బావి ఆడనిచ్చాను. మొదటి గబ్బిలానికే చచ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. "దొరికిండా?"

ఎర్ర క్యాసెట్ చూపించాను.

"ఇంకొకడేడి?"

"బస్సెక్కి విజయవాడ పోయిండు."

ఇప్పుడు ఆ అర ఖాళీగా లేదు. తేదీ వేసి చీటీ రాశాను: ఎల్‌బీ నగర్, ట్రావెల్స్ ఆఫీసు, పనిచేస్తుంది. నిజానికి క్యాసెట్ ఆ అరలో ఉండేది తక్కువ, పెట్టె మీద ఉండేది ఎక్కువ. గళ్ల కాగితం కూడా కొన్నాను. పూర్తి మనిషిని గీశాను, లాంతరు చేయి వేరుగా, నడుం మీద చేయి వేరుగా. అలవాటు కొద్దీ రెండుసార్లు సగం దగ్గర కలం ఆగిపోయింది. కాగితం ఇంకా అన్నకు పంపలేదు. మనిషి కాళ్ల కింద అంచులో ఏం పెట్టాలో తేలలేదు. ఏడో బావి అడుగున ఏముందో అదే పెట్టాలని నా పట్టుదల.

నిన్న ఐదో బావి దాటాను. వెంటనే అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"జల్దీ దిగు చెల్లె," అన్నాడు. "రబ్బరు కోసి పెట్టుకుని కూసున్న."